మా బావగారి అతినీలలోహిత పరిపాలన

"ఇంతకాలం మనం ఆకాశాన్ని కిందినుంచి చూశాం. తలలెత్తి, మెడలు పట్టేసేలా చూశాం. ఇది బానిస బుద్ధి. ఈరోజు నుంచి మన దేశం ఆకాశాన్ని పైనుంచి చూస్తుంది!"

మా బావగారు ఇలా ప్రకటించగానే ప్రెస్‌మీట్ హాలు చప్పట్లతో దద్దరిల్లింది. మొదటి చప్పట్లు నావే. శాస్త్ర సాంకేతిక శాఖకు పౌరసంబంధాల అధికారిగా అది నా విధి. మంత్రిగారికి స్వయానా బావమరిదిగా అది నా భాగ్యం. ఈ ఉద్యోగం నాకు బంధుత్వం వల్ల వచ్చిందని కిట్టనివాళ్లు అంటారు. శుద్ధ అబద్ధం. ఇంటర్వ్యూ జరిగింది. వచ్చినవాళ్లందరిలోకీ నేనే మెరుగని బోర్డు తేల్చింది. వచ్చింది నేనొక్కణ్ణే అన్నది వేరే సంగతి.

ముందు వరసలో కూర్చున్న ఒక ముసలి విలేకరి లేచాడు.

"సార్, అంతరిక్షంలో తిరిగే ఈ టెలిస్కోప్ అతినీలలోహిత కాంతిలో చూస్తుందన్నారు. అంటే ఏంటి సార్?"

"మామూలు కళ్లకు కనపడని వెలుగు" అన్నారు బావగారు. సరిగ్గానే చెప్పారు. ఆ ముక్క నేను రాసిచ్చిందే.

"మరి దాన్ని చూడ్డానికి వాతావరణం దాటి పైకెందుకెళ్లాలి?"

ఇది నేను రాసివ్వలేదు. అయినా బావగారు తడుముకోలేదు.

"కింద వాతావరణం బాగాలేదు. దాన్ని పాడుచేసింది గత ప్రభుత్వం."

"ఆ టెలిస్కోప్‌ని పైకి పంపింది కూడా గత ప్రభుత్వమే కదా సార్?"

"పంపడం ఎవరైనా పంపుతారు. పైకెళ్లింది కింద పడకుండా తిరుగుతోందంటే, అది మన ప్రభుత్వ సమర్థత."

మర్నాడు అన్ని పత్రికల్లోనూ ఈ వాక్యమే హెడ్డింగ్. ఒకటి రెండు పత్రికలు చివర ఆశ్చర్యార్థకం పెట్టాయి. మెచ్చుకోలుకే పెట్టి ఉంటారు.

ఇంతకుముందు బావగారు చేపల శాఖ చూసేవారు. ఆయన తన చేతుల మీదుగా చేపపిల్లల్ని వదిలిన చెరువులో కొన్నాళ్లకు కప్పలు తేలాయి. అందులో ఆయన తప్పేమీ లేదు. చిన్నప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి. కానీ ప్రతిపక్షం వాళ్లు సభలోకి కప్పల్ని పట్టుకొచ్చి వదిలారు. అప్పుడు మా పార్టీ అధ్యక్షుడు పెద్దాయన బావగారిని పిలిచి, "నీకు శాస్త్రం శాఖ ఇస్తున్నాను. అక్కడ నువ్వేం చేశావో ఎవరికీ అర్థం కాదు" అన్నారట. ఒక నాయకుడు అనుచరుడి మీద ఇంతకంటే నమ్మకం ఉంచడం నేనెక్కడా వినలేదు.

పెద్దాయన గురించి ఒక మాట చెప్పాలి. మా పార్టీలో అధ్యక్ష ఎన్నిక ప్రతి ఏడూ జరుగుతుంది. ప్రతి ఏడూ ఆయనే నెగ్గుతారు. ప్రతి ఏడూ ఆయనే ఆశ్చర్యపోతారు. ఈమధ్య మాత్రం ఆయన మేనల్లుడు, అంటే మా యువజన విభాగం నాయకుడు, ఆ ఆశ్చర్యపోయే అవకాశం తనకు కూడా ఒకసారి ఇవ్వాలని అక్కడక్కడా అంటున్నాడు.

టెలిస్కోప్ నడిపే సంస్థ డైరెక్టరు ఒకావిడ. యాభైకి దగ్గరపడ్డ మనిషి. తలకు రంగు వెయ్యరు, ఒక వాక్యంలో రెండుసార్లు సార్ అనరు. ఈ రెండు లోపాలూ తప్ప మంచావిడే. ఆ టెలిస్కోప్ అద్దాన్ని తయారుచేసింది కూడా ఆవిడేనట. దానిమీద ఒక్క వేలిముద్ర పడినా, కాస్త నూనె ఆవిరి తగిలినా ఆ వెలుగు ఇక కనపడదట. అందుకని ఏళ్ల తరబడి తలకు నూనె, ముఖానికి పౌడరు లేకుండా, కళ్లు మాత్రం కనపడేలా ముసుగేసుకుని పనిచేశారట. ఈ సంగతి చెబితే మా అక్క, "పౌడరు కూడానా?" అని చాలాసేపు జాలిపడింది.

ఆవిడ మొదటిసారి బావగారి ఛాంబర్‌కి వచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను.

"సార్, భూమి చుట్టూ ఓజోన్ పొర ఉంది. అతినీలలోహిత కిరణాల్ని అది కిందికి రానివ్వదు. అందుకే మనం పైకెళ్లి చూడాలి."

బావగారు కుర్చీలో ముందుకు వంగారు. "రానివ్వదా? ఈ ఓజోన్ ఎవరి మనిషమ్మా?"

"మనిషి కాదు సార్. ఒక వాయువు. అది అడ్డుపడబట్టే మన ఒళ్లు కాలిపోకుండా ఉంది."

"అయితే మనవాడే" అన్నారు బావగారు తృప్తిగా వెనక్కి వాలుతూ.

డైరెక్టర్‌గారు తాను వచ్చిన పని చెప్పారు. టెలిస్కోప్ నడపడానికి ప్రభుత్వం ఇచ్చిన గడువు అయిపోవస్తోంది. పొడిగించే ఉత్తర్వు మీద మంత్రిగారు సంతకం పెట్టాలి. పెట్టకపోతే దాన్ని ఆపేయాలి. ఒకసారి ఆపితే మళ్లీ లేవదు.

"ముసలిదైపోయిందా?"

"దానికింకా చాలా ఓపిక ఉంది సార్. మన కాగితానికే లేదు."

"పెడదాం, పెడదాం. ముందు అదేం చూసిందో నాలుగు బొమ్మలు తెప్పించండి. పార్టీ మహాసభలో పెద్దాయన ముందు ఒకటి విడుదల చేద్దాం. ఆయన శభాష్ అంటే మీ సంతకం ఎక్కడికి పోతుంది?"

నాలుగు బొమ్మలూ వచ్చాయి. బావగారు వాటిని బల్లమీద పరిచి, కళ్లజోడు తీసి, పెట్టి, మళ్లీ తీసి పరిశీలించారు. చివరకు గుండ్రంగా చక్రంలా ఉన్న ఒక గెలాక్సీని ఎంచారు. "ఇది నిండుగా ఉంది" అన్నారు. శాస్త్రీయమైన ఎంపిక అంటే అలా ఉంటుంది.

మహాసభ నాడు పెద్ద హాలు కిక్కిరిసిపోయింది. ముందు సోఫాల్లో పెద్దలు, వెనక కుర్చీల్లో కార్యకర్తలు, ఆ వెనక గోడలకు ఆనుకుని యువజన విభాగం. వేదిక మీద నడిమధ్య పెద్దాయన. దీపాలు ఆర్పారు. తెరమీద గెలాక్సీ ప్రత్యక్షమైంది. చుట్టూ తిరిగే చేతుల్లాంటి పాయల నిండా మిణుగురుల గుంపుల్లా తెల్లటి చుక్కలు. జనం నోళ్లు తెరిచి చూశారు. నేను కూడా, నిజం చెప్పొద్దూ, చప్పట్లు మొదలుపెట్టడం మరచిపోయాను.

డైరెక్టర్‌గారు మైకు ముందుకొచ్చారు.

"అంచుల్లో వెలుగుతున్నవి ఈమధ్యే పుట్టిన నక్షత్రాలు. అవి చాలా వేడిగా ఉంటాయి. అందుకే అతినీలలోహిత కాంతిలో ఇంత బాగా కనిపిస్తాయి..."

వెనక గోడ దగ్గర ఎవరో ఈల వేశారు. యువజన విభాగమంతా చప్పట్లు అందుకుంది. ఆవిడ ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. వేదిక పక్కనే నిలబడ్డాను కాబట్టి నాకు వినపడింది. "అంత వేడిగా ఉన్నవి తొందరగానే ఆరిపోతాయి" అన్నారు. ఆ ముక్క గోడదాకా చేరలేదు.

చప్పట్లు ఆగాక పెద్దాయన మెల్లగా అడిగారు. "మరి మధ్యలో చీకటిగా ఉందేంటమ్మా?"

"అక్కడున్నవి ముసలి నక్షత్రాలండీ."

పెద్దాయన కుర్చీలో ముందుకు జరిగారు.

"పోయాయా?"

"లేదండీ. ఉన్నాయి. చల్లబడ్డాయి. ఈ వెలుగులో కనపడవు, అంతే."

"ఉన్నా కనపడవు" అని పెద్దాయన తనలో తాను అనుకున్నట్టు అన్నారు. కాకపోతే ఆయన ముందు మైకు ఉంది.

మేనల్లుడు వెనకనుంచి నడవలోకి దూసుకొచ్చాడు. "మిత్రులారా! ఇంతకాలం మేం చెప్తే నమ్మలేదు. ఇప్పుడు వాతావరణం పైనుంచి చెప్తున్నారు! మధ్యలో చీకటి, అంచుల్లో వెలుగు! శాస్త్రం యువతవైపే ఉంది!"

పెద్దాయన ఉపన్యాసం ఇవ్వకుండానే వెళ్లిపోయారు. ఆయన ఉపన్యాసం ఇవ్వకపోవడం పార్టీ చరిత్రలో అదే మొదలు. చాలామంది ముఖాల్లో ఆనందం కనపడింది, కానీ దానికి వేరే కారణాలు ఉండొచ్చు.

ఆ రాత్రి మా అక్క కంచం పెట్టింది. బావగారు చెయ్యి కడుక్కొచ్చి, కంచం వంక చూసి, మళ్లీ చెయ్యి కడుక్కుని లేచిపోయారు.

"ఒరేయ్, ఆ బొమ్మ ఎంచింది ఎవడ్రా?"

"మీరే కదా బావగారూ. నిండుగా ఉందన్నారు."

"నేనంటే మాత్రం? నువ్వు వద్దనొద్దూ?"

"మిమ్మల్ని కాదనడం నా డ్యూటీ చార్టులో లేదు బావగారూ."

అక్క నిట్టూర్చింది. "చేపల శాఖలో ఉన్నన్నాళ్లూ హాయిగా ఉన్నాం. చేపలు ఎప్పుడైనా ఇలా రాజకీయం చేశాయా?"

"కప్పలు చేశాయి" అన్నారు బావగారు దిగులుగా.

వారం తిరక్కుండా ఊరంతా పోస్టర్లు వెలిశాయి. బస్సుల వెనక, గోడలమీద, ఆస్పత్రి ప్రహరీమీద, ఎక్కడ చూసినా ఆ గెలాక్సీయే. కింద 'అంచుల్లోని వెలుగు మేమే' అని మేనల్లుడి ఫొటో. 'సౌజన్యం: శాస్త్ర సాంకేతిక శాఖ' అని కూడా చిన్న అక్షరాల్లో వేశారు. ఎంతో మర్యాద తెలిసిన కుర్రాడు.

పెద్దాయనకు రోజూ ఉదయం కాఫీ తాగుతూ మా బావగారికి ఫోన్ చేసి తిట్టే అలవాటు ఉంది. మహాసభ మర్నాటినుంచి ఆ ఫోన్ రావడం మానేసింది. మా పార్టీలో ఇంతకంటే కఠినమైన శిక్ష లేదు. బావగారు ఫోన్‌ని ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. మోగుతోందేమోనని చెవి దగ్గర పెట్టుకునేవారు. ఒకసారి రాంగ్ నంబరు వాడెవడో తిడితే కాసేపు ఆశపడ్డారు కూడా.

చివరికి డైరెక్టర్‌గారిని పిలిపించారు.

"ఆ మధ్యలో కాస్త వెలుగు పెట్టండమ్మా."

"మేం పెట్టేదేమీ లేదు సార్. అక్కడ ఏ వెలుగు ఉంటే అదే వస్తుంది."

"పెళ్లి ఫొటోలవాళ్లు పెడతారే! నా పెళ్లి ఫొటోలో నా జుట్టు సగం వాళ్లు పెట్టిందే."

"వాళ్లకు పెళ్లికొడుకు ఒప్పుకుంటే చాలు సార్. మా బొమ్మని ప్రపంచమంతా సరిచూస్తుంది."

"పోనీ, మామూలు వెలుగులో చూపించండి. అందులో ముసలివాళ్లు కనపడతారుగా?"

"బ్రహ్మాండంగా కనపడతారు. కానీ దానికి ఇంత పైకెళ్లక్కర్లేదు. మీ డాబా మీదనుంచి కూడా చూడొచ్చు."

బావగారు చాలాసేపు ఆలోచించారు. ఆయన ఆలోచిస్తున్నప్పుడు ముఖంలో ఏ కదలికా ఉండదు. గొప్పవాళ్లలో అది సహజం. ఆలోచించి అడిగారు.

"ఆకాశంలో అన్నిటికంటే బాగా వెలిగే నక్షత్రం ఏదో ఒకటి ఉంటుంది కదా?"

"ఉంటుంది."

"దానికి పెద్దాయన పేరు పెడుతున్నాం. టెలిస్కోప్‌ని దానివైపు తిప్పి ఫొటో తీయండి."

డైరెక్టర్‌గారి ముఖం మొదటిసారి మారింది. "వద్దు సార్. ఎక్కడో దూరాన ఉన్న మసక వెలుగుల కోసం చేసిన కన్ను అది. అంత వెలుగు ఒక్కసారి పడితే మాడిపోతుంది. గుడ్డిదైపోతుంది."

"పెద్దాయన వైపు చూస్తే కళ్లు పోతాయంటారా?"

"నేను నక్షత్రం సంగతి చెప్తున్నాను సార్."

"ఇప్పుడు ఆయనా నక్షత్రమూ వేరు కాదు."

ఆదేశాన్ని బావగారు చెబుతుంటే నేను రాశాను. 'టెలిస్కోప్ తక్షణమే సదరు నక్షత్రం వైపు తిరుగవలెను. ఒకవేళ దానికి చూపు పోయినచో అందుకు అదే పూర్తి బాధ్యత వహించవలెను.' న్యాయశాఖవాళ్లు చదివి ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

దాన్ని పట్టుకుని మర్నాటి సాయంత్రం నేనే సంస్థకు వెళ్లాను. కంట్రోల్ రూమ్ అంటే ఏదో అనుకున్నాను. కిటికీల్లేని గది. చెమ్మకి పైకప్పు ఒక మూల పసుపెక్కింది. కుర్చీ చేతులకు టేపు చుట్టి ఉంది. బల్లనిండా టీ గ్లాసుల గుండ్రటి మరకలు. ఇద్దరు ఇంజినీర్లు తెరలమీద అంకెలు చూస్తూ కూర్చున్నారు. నన్ను చూసి లేచి నిలబడాలని వాళ్లకు తోచలేదు.

డైరెక్టర్‌గారు ఆదేశం చదివారు. మడిచి బల్లమీద పెట్టారు.

"కూర్చోండి. ఇప్పుడు అది మన నెత్తిమీదికి వస్తుంది. వచ్చినప్పుడే మాట్లాడుతుంది. దాటిపోతే మళ్లీ చుట్టి రావాలి."

కాసేపటికి ఒక తెరమీద అంకెలు గబగబా కదిలాయి. ఇంజినీర్లలో ఒకామె "వచ్చిందండీ" అంది, ఇంటికి చుట్టమొచ్చినట్టు. తర్వాత పక్క తెరమీద బూడిదరంగు మచ్చ ఒకటి తేలింది. నా కంటికి గోడమీద చెమ్మలాగే ఉంది.

"అక్కడ నక్షత్రాలు పుడుతున్నాయి" అన్నారావిడ. "కిందినుంచి ఇంతవరకూ ఎవరికీ కనపడలేదు. ఈ గదిలో ఉన్నవాళ్లమే చూశాం. ఇప్పుడు మీరూ చూశారు."

వాళ్లిచ్చిన టీ తాగడం మరచిపోయాను. అది మరీ వేడిగా ఉండటం వల్లననుకుంటాను.

"నా కూతురు మొదటిసారి అడుగులు వేసినప్పుడు నేను అద్దం గదిలో ఉన్నాను" అన్నారావిడ తెరవంకే చూస్తూ. "ముసుగు తీసి ఇంటికొచ్చేసరికి అది పరిగెడుతోంది. అలా కట్టుకున్నాం దీన్ని. మీ కాగితం కోసం దీని కన్ను నేను పొడవను. ఉద్యోగం పీకేసుకోమనండి."

"పీకేస్తే మీ తర్వాత వచ్చేవాళ్లు పొడుస్తారు కదండీ" అన్నాను.

మామూలుగా నేను నిజాలు మాట్లాడను. అది నోరు జారి వచ్చింది. టెలిస్కోప్ మా నెత్తిమీదనుంచి దాటిపోయింది. అంకెలు ఆగిపోయాయి. అప్పుడావిడ నావైపు తిరిగారు.

"మీ బావగారికి కావలసింది మధ్యలో వెలుగు. అంతేనా?"

"అంతేనండీ. దానికోసం తిండి కూడా మానేశారు."

"అలాంటి గెలాక్సీలు కూడా ఉన్నాయి. మధ్యభాగం కళ్లు చెదిరేలా వెలుగుతుంది. అంచులు దాని ముందు వెలవెలబోతాయి. మా కన్ను ఓర్చుకునేంత దూరంలోనే ఒకటి ఉంది. అది ఎలాగూ మా ప్లాన్‌లో ఉన్నదే. చూపిస్తాను. కానీ ముందు ఈ ఆదేశం వెనక్కి తీసుకోవాలి. పొడిగింపు మీద సంతకం పెట్టాలి."

"పెట్టిస్తాను! ఆ మధ్యలో వెలిగేవి ముసలి నక్షత్రాలేనా అండీ?"

"అక్కడ ఏముందో ఎవరైనా అడిగితే ఉన్నదున్నట్టు చెప్తాను. అడక్కపోతే చెప్పను. ఈ మాట కూడా మీ బావగారికి చెప్పండి."

చెప్పాను. బావగారు కుర్చీలోంచి లేచి నన్ను కౌగిలించుకున్నారు. అక్కను చేసుకున్నప్పటినుంచి ఆయన నన్ను కౌగిలించుకోవడం అదే మొదటిసారి.

"అడగటమేంట్రా? మన పార్టీలో ఎవరైనా ఎప్పుడైనా ఏదైనా అడిగారా?"

పొడిగింపు ఉత్తర్వు మీద ఆయన సంతకం ఎంత ఉత్సాహంగా పెట్టారంటే, కాగితం అవతలివైపుకి కూడా అచ్చు పడింది. 'టెలిస్కోప్‌కి ఓపిక ఉన్నంతకాలం' అని డైరెక్టర్‌గారు రాసుకొచ్చిన వాక్యాన్ని చదవను కూడా చదవలేదు. పాత ఆదేశాన్ని ఆవిడ కళ్లెదుటే బావగారు చింపి బుట్టలో వేశారు. ఆవిడ ఉత్తర్వుని సంచిలో పెట్టుకుని, సంచికి జిప్పు వేసుకున్నారు.

"ఒక్క కోరికమ్మా" అన్నారు బావగారు. "బొమ్మకి మన పార్టీ రంగు వేయగలరా?"

మా పార్టీది వంకాయ రంగు. ఆవిడ కాదంటారనుకున్నాను.

"వేయొచ్చు సార్. అది కంటికి కనపడని వెలుగు. దానికి రంగు అంటూ ఉండదు. మనం ఏది వేస్తే అదే."

"ఈ శాస్త్రం నాకు చాలా నచ్చింది" అన్నారు బావగారు.

కొత్త బొమ్మని మహాసభలోలాగా అందరి ముందూ కాకుండా పెద్దాయన ఇంట్లోనే, కొద్దిమంది ముఖ్యుల మధ్య ఆవిష్కరించాలని నిర్ణయించాం. పెద్దాయన హాల్లో సోఫాలకు ఇంకా ప్లాస్టిక్ తొడుగులు తీయలేదు. కూర్చుంటే చప్పుడవుతుందని ఎవరూ కదలకుండా కూర్చున్నారు. మేనల్లుడు ఒక్కడే కూర్చోకుండా గోడకు చేరబడి ఫోన్ చూసుకుంటున్నాడు. పెద్దాయన బావగారి నమస్కారాన్ని చూశారో లేదో తెలియనట్టు చూశారు.

బావగారు స్వయంగా పరదా లాగారు.

గోడంతా పరుచుకున్న వంకాయరంగు ఆకాశం. దాని నడిమధ్య, తేరిపార చూడటానికి వీల్లేనంత వెలుగు. చుట్టూ పొగలాంటి మసక. అంచుల్లో చెప్పుకోదగ్గదేమీ లేదు.

సోఫా తొడుగులన్నీ ఒక్కసారి చప్పుడు చేశాయి. పెద్దాయన లేచి నిలబడ్డారు కాబట్టి అందరూ లేచారు. ఆయన చేతికర్ర పక్కన పెట్టేసి, బొమ్మ దగ్గరికి నడిచి, ఆ వెలుగుకి ఎదురుగా చాలాసేపు నిలబడ్డారు. వెనక్కి తిరిగేసరికి కళ్లు చెమర్చి ఉన్నాయి.

"ఇదిరా గెలాక్సీ అంటే" అన్నారు. తర్వాత బావగారి వంక చూసి, "దద్దమ్మా! మొన్న ఇది చూపించడానికి నీకేం రోగం?" అన్నారు.

ఆ తిట్టు వినగానే మా బావగారి భుజాలు ఒక్కసారి తేలికపడ్డాయి. నేను ఆయన వెనకే ఉన్నాను. ఆయన వెక్కడం విన్నాను.

మేనల్లుడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"మేడమ్" అన్నాడు తీయగా. "నాకొక సందేహం. మొన్న మధ్యలో ముసలి నక్షత్రాలు ఉంటాయి, చల్లబడి ఉంటాయి, కనపడవు అన్నారు. మరి ఇక్కడ మధ్యలో ఏముంది?"

బావగారు నావైపు చూశారు. నేను డైరెక్టర్‌గారివైపు చూశాను. ఆవిడ పెద్దాయనవైపు చూశారు.

"చెప్పమంటారా అండీ?"

"చెప్పమ్మా" అన్నారు పెద్దాయన. "నాకూ తెలుసుకోవాలనే ఉంది."

"సరిగ్గా మధ్యలో ఉన్నది బ్లాక్‌హోల్ అండీ. దానికి సొంత వెలుగు లేదు. మొత్తం చీకటే. దగ్గరికొచ్చిన ప్రతిదాన్నీ లాక్కుని మింగేస్తుంది. నక్షత్రమైనా, ధూళైనా, దేన్నీ వదలదు."

ఎవరి గ్లాసులోనో చెంచా టింగుమంది.

"మరి ఈ వెలుగు?" అన్నారు పెద్దాయన.

"అది దానిలో పడబోయేవాటిదండీ. ఒక్కసారిగా పడిపోవు. ముందు చుట్టూ తిరుగుతాయి. ఎంత దగ్గరైతే అంత వేగంగా తిరుగుతాయి. ఒకదాన్నొకటి రాసుకుంటాయి, కాగిపోతాయి. అప్పుడు జన్మలో ఎన్నడూ వెలగనంతగా వెలుగుతాయి. ఆ తర్వాత లోపలికి పోతాయి."

"బయటికి?"

"రావండీ."

బావగారి ముఖం బొమ్మరంగులోకి తిరిగింది. మేనల్లుడు గోడకు మళ్లీ చేరబడి, పళ్లు కనపడకుండా నవ్వుకుంటున్నాడు. పెద్దాయన కదలకుండా నిలబడ్డారు. ఆయన పెదవులు కొంచెం వణికాయి. ఉద్యోగం పోతే మా ఇంటి అద్దె ఎలా అని నేను ఆలోచించడం మొదలుపెట్టాను.

అప్పుడు పెద్దాయన నవ్వారు. మొదట చిన్నగా, తర్వాత దగ్గొచ్చేలా. మేనల్లుడు మంచినీళ్లు అందించబోయాడు. అక్కర్లేదని చెయ్యి ఊపారు.

"అమ్మా, ఇన్నేళ్లుగా నన్ను పొగడని మనిషి లేడు. సూర్యుడన్నారు, చంద్రుడన్నారు, మర్రిచెట్టన్నారు. అర్థం చేసుకున్నదానివి నువ్వొక్కదానివే." ఆయన ఆవిడ వంక ఎంతో ఆప్యాయంగా చూశారు. "మరి దూరంగా ఉన్నవాటి సంగతేంటి?"

"దూరంగా ఉన్నవాటికి ఏమీ కాదండీ. వాటి దారిన అవి తిరుగుతుంటాయి. పెద్దగా కనపడవు, అంతే."

"అంతేలే" అన్నారు పెద్దాయన. "బొమ్మని ఇక్కడే ఉంచండి. రోజూ చూసుకుంటాను."

డైరెక్టర్‌గారు సంచి భుజానికి తగిలించుకున్నారు. "నాకు సెలవిప్పించండి. అది మళ్లీ నెత్తిమీదికొచ్చే వేళైంది." ఎవరూ ఆపకముందే చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లిపోయారు. మర్యాదకైనా టీ తాగి వెళ్లొచ్చు. చెప్పానుగా, కొన్ని లోపాలున్నాయి.

మా శాఖ ఫొటోగ్రాఫర్ కెమెరా ఎత్తాడు. పెద్దాయన బొమ్మ ముందు, ఆ వెలుగుకి సరిగ్గా ఎదురుగా నిలబడ్డారు.

"సార్, అందరూ ఫ్రేములో పట్టడం లేదు. పెద్దాయనకి బాగా దగ్గరగా రండి సార్! ఇంకా దగ్గరికి!"

హాలంతా ఒక్కసారి కదిలింది. సోఫాలు జరిగాయి. ఎవరి చెప్పో ఊడింది. మేనల్లుడు గోడ వదిలి ఒక్క ఉదుటున వచ్చి మేనమామ కుడిభుజం పట్టుకున్నాడు. మా బావగారు ఇద్దరు మాజీ మంత్రుల మధ్యనుంచి దూరి, ఒక ఎంపీని మోచేత్తో తప్పించి, చొక్కా గుండీ తెగినా లెక్కచెయ్యకుండా పెద్దాయన ఎడమభుజానికి తన భుజం ఆనించి నిలబడ్డారు.

ఆ ఫొటో అన్ని పత్రికల్లోనూ వచ్చింది. మీరూ చూసే ఉంటారు. మా బావగారి ముఖం అంతగా వెలగడం నేనెన్నడూ చూడలేదు. ఆయన వెనక, చెవి పక్కనుంచి సగం ముఖం కనపడుతున్నది నాదే.